నేల తగవు వచ్చినప్పుడు రష్యన్ కవి ఎవరి పక్షం?

ఉప్పుటేరు:

జోసెఫ్ బ్రాడ్‌స్కీ గురించి మనలో చాలామంది మొదట విన్నది కోర్టు కథే అయ్యుంటుంది. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో ఆయన మీద పనిచెయ్యని సోమరి అని కేసు పెట్టారు. నిన్ను కవుల్లో ఎవరు చేర్చారని జడ్జి అడిగితే, నన్ను మనుషుల్లో ఎవరు చేర్చారని ఎదురడిగాడు. శిక్ష వేసి ఉత్తరాన ఒక పల్లెకి పంపారు. 1972లో దేశం నుంచే పంపేశారు. 1987లో నోబెల్ వచ్చింది.

అలాంటి మనిషి, సోవియట్ యూనియన్ కూలి ఉక్రెయిన్ స్వతంత్రం ప్రకటించుకున్న రోజుల్లో ఒక కవిత రాశాడు. 1992లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, 1994లో న్యూయార్క్ క్వీన్స్ కాలేజీలో చదివాడు. తన పుస్తకాల్లో మాత్రం చేర్చలేదు. 1996లో ఆయన పోయాక, అది ఆయన రాసింది కాదు, ఎవరో అంటగట్టారు అని చాలామంది వాదించారు. 2015లో ఆయనే చదువుతున్న వీడియో బయటికొచ్చాక ఆ వాదన నిలవలేదు. కవితనిండా ఉక్రేనియన్లని జాతి పేరు పెట్టి తిట్టడమే. చివర్లో ఒక శాపం ఉంది: చావు ముంచుకొచ్చి పరుపు అంచు గోకుతున్నప్పుడు మీ నోట వచ్చేది పుష్కిన్ పాదాలే, ఉక్రెయిన్ జాతీయకవి షెవ్‌చెంకో అబద్ధాలు కావు అని.

తిట్లకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది, తనని గెంటేసిన రాజ్యం గొంతుతోనే ఆయన ఇంకో జనంతో మాట్లాడటం. ఇది ఆయనతో మొదలైందీ కాదు. 1830 నవంబరులో వార్సాలో పోలిష్ జనం జారు మీద తిరగబడ్డారు. వాళ్లకి సాయం వెళ్లాలని ఫ్రెంచి పార్లమెంటులో కొందరు మాట్లాడారు. దానికి జవాబుగా 1831 ఆగస్టులో పుష్కిన్ 'రష్యాని నిందించేవాళ్లకి' అనే కవిత రాశాడు. ఇది స్లావుల ఇంటి గొడవ, మీకేం పని అన్నాడు. స్లావ్ ఏరులన్నీ రష్యన్ సముద్రంలో కలుస్తాయా, లేక సముద్రమే ఎండిపోతుందా, ప్రశ్న ఇదొక్కటే అన్నాడు. ఏరు ఏరుగానే పారొచ్చన్న ఆలోచనకి ఆ కవితలో చోటు లేదు. సెప్టెంబరులో సైన్యం వార్సాని పట్టుకోగానే అది ఇంకో రష్యన్ కవి జుకోవ్‌స్కీ కవితతో కలిసి చిన్న పుస్తకంగా అచ్చయింది. ఈ పుష్కిన్ కూడా జారు చేతిలో ప్రవాసం అనుభవించినవాడే!

నా వాదన ఇది. రాజ్యం తన మీదికొస్తే రష్యన్ కవి నిలబడతాడు. అంచున ఉన్న నేల విడిపోతానంటే ఆ కవే రాజ్యం అయిపోతాడు. కాదనేవాళ్లు ఉదాహరణలు చూపించండి.

పాత సంచికలు:

ఉప్పుటేరు గారూ, రెండు కవితలు చూపించి రెండొందల ఏళ్ల సాహిత్యానికి తీర్పు చెప్పేశారు. మీ బ్రాడ్‌స్కీతోనే జవాబు చెప్తాను.

1968లో ప్రాగ్‌లోకి సోవియట్ టాంకులు వెళ్లిన ఏడాది ఆయన 'జనరల్ జెడ్‌కి ఉత్తరం' రాశాడు. అందులో ఒక సైనికుడు ఇక యుద్ధం చెయ్యనని తన జనరల్‌కి చెప్పేస్తాడు. 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి వెళ్తే, 1980 శీతాకాలపు యుద్ధం మీద పెద్ద కవిత రాశాడు. అరవైల్లో తలెత్తకుండా గర్భస్రావాల ఆస్పత్రులకి నడిచిన ఆడవాళ్లకి జై కొడతాడందులో. ఈ యుద్ధానికి వెళ్లాల్సిన కుర్రాళ్లని కనకుండా దేశాన్ని సిగ్గునుంచి కాపాడారట! సొంత దేశపు దండయాత్ర మీద అంతకన్నా ఘాటైన మాట నేనెక్కడా చదవలేదు. ఈ రెండూ పక్కన పెట్టి, ఆయన తన పుస్తకంలో వేసుకోని ఒక్క కవితతో మనిషిని కొలవడం న్యాయం కాదు.

పుష్కిన్ విషయంలో ఇంకోటి మర్చిపోతున్నారు. 1812లో నెపోలియన్‌తో కలిసి మాస్కో దాకా వచ్చిన సైన్యంలో పోలిష్ దళాలున్నాయి. కాలిపోయిన మాస్కో ఆ తరం కళ్లముందే ఉంది. పందొమ్మిదేళ్లు తిరక్కుండా మళ్లీ ఫ్రాన్స్, మళ్లీ పోలండ్. 1831లో ఆ భయం ఊరికే పుట్టలేదు.

మంజీర:

పాత సంచికలు గారూ, "ఆ కాలం అలాంటిది" అనే మాటకి జవాబు ఆ కాలంలోనే ఉంది. దాని పేరు ప్యోతర్ వ్యాజెంస్కీ. పుష్కిన్‌కి ఆప్తమిత్రుడు, ఆయనా కవే, రాకుమార వంశస్థుడు.

పుష్కిన్ 'కాకసస్ ఖైదీ' 1822లో అచ్చయింది. కథంతా కాకసస్ కొండజాతి సర్కేషియన్ పిల్ల ప్రేమ, కొండలు, స్వేచ్ఛ. చివర్లో మాత్రం కాకససూ, తలవంచు, యెర్మోలొవ్ వస్తున్నాడు అని ఉపసంహారం తగిలించాడు. యెర్మోలొవ్ ఊళ్లకి ఊళ్లు తగలబెట్టిన జనరల్. ఆ ఏడాదే వ్యాజెంస్కీ తన మిత్రుడు అలెగ్జాందర్ తుర్గేనెవ్‌కి ఉత్తరం రాస్తూ, పుష్కిన్ తన కావ్యం చివరి పాదాలని నెత్తురుతో తడిపాడని బాధపడ్డాడు. కవిత్వం తలారులకి తోడు కాదు అని రాశాడు. 1822లో!

1831లో వార్సా కవితలు వచ్చినప్పుడూ ఆయన నోట్‌బుక్కులో రాసుకున్నాడు. పెర్మ్ నుంచి క్రిమియా దాకా మాదే అని డప్పు కొట్టుకోవడం విని విసుగొచ్చింది, ఒక ఆలోచనకీ ఇంకో ఆలోచనకీ మధ్య ఐదువేల వెర్‌స్టుల (వెర్‌స్టు అంటే కిలోమీటరుకి కాస్త ఎక్కువ) దూరం పెట్టుకుని బారచాచి పడుకున్నాం, ఇందులో గర్వపడేదేముంది అని. అచ్చులో అనలేదు, నోట్‌బుక్కులోనే అన్నాడు, నిజమే. అయినా ఆ ఆలోచన అప్పుడొక మనిషికి వచ్చింది. ఆ మనిషి పుష్కిన్ పక్కనే కూర్చునేవాడు.

ఇక పుష్కిన్ తర్వాతి తరం కవి లెర్మొంతొవ్. 1838లో ఆయన రాసిన కసాక్కు (సరిహద్దు కాసే రష్యన్ రౌతుల) జోలపాటలో దుష్ట చెచెన్ ఏటిగట్టు మీదికి పాకుతూ కత్తి నూరుతుంటాడు. రెండేళ్లకి, 1840 జులైలో, చెచ్న్యాలో వలెరిక్ ఏటి దగ్గర జరిగిన పోరులో ఆయనే పాల్గొన్నాడు. తర్వాత రాసిన కవితలో ఏట్లో నీళ్లు నెత్తురుతో వెచ్చగా, ఎర్రగా పారతాయి. పోరు అయిపోయాక దూరంగా మంచుకొండల వైపు చూస్తూ, పాపం మనిషి, ఏం కావాలి వీడికి, ఆకాశం కింద అందరికీ బోలెడు చోటుంది కదా, ఒక్కడే ఎందుకు పగపడతాడు అనుకుంటాడు. వెంటనే పక్కనున్న చెచెన్ మిత్రుడు భుజం తట్టి ఆయన్ని ఆ ఆలోచనలోంచి లేపుతాడు. అదే మనిషి. మారిందల్లా, ఈసారి చెచెన్ జోలపాటలో లేడు, పక్కనే నిలబడి మాట్లాడుతున్నాడు. ఆ తర్వాత కూడా లెర్మొంతొవ్ సైన్యం వదల్లేదు, ఆ శరదృతువులో ఒక దళాన్నీ నడిపాడు. అందుకే ఆయన్ని శాంతికాముకుడంటే నేను ఒప్పుకోను. కానీ చూసింది చూసినట్టు రాశాడు.

ఉప్పుటేరు:

వ్యాజెంస్కీ సంగతి బాగా చెప్పారు మంజీర గారూ. అయితే పాత సంచికలు గారి అఫ్గానిస్తాన్ ఉదాహరణ నా వాదనకే బలం. కాబూల్‌ని ఏ రష్యన్ కవీ తన ఇల్లనుకోలేదు, అందుకే దాని మీద దాడిని దాడి అనగలిగాడు. కీవ్‌ని తన ఇల్లనుకున్నాడు. చిక్కంతా అక్కడుంది. దూరపు నేలకి న్యాయం చెయ్యడం కవికి సులువే. తనదని చిన్నప్పటినుంచి నమ్మిన నేల విడిపోయినప్పుడు ఏం రాశాడో అది చూడాలి.

సాల్తివ్కా:

నేను ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదివాను. 2022లో ఇంటికొచ్చేసిన తెలుగు పిల్లల్లో నేనూ ఒకణ్ని. ఈ పేరు మా హాస్టల్ ఉన్న పేటది. అక్కడ మెట్రోలో, మార్కెట్లో, వార్డులో నేను విన్నది ఎక్కువగా రష్యన్ భాషే. రోగులతో మాట్లాడ్డానికి నేర్చుకున్నదీ అదే. ఆ భాష మాట్లాడేవాళ్లని కాపాడతామంటూ వచ్చిన ఫిరంగి గుండ్లు పడ్డది ఆ భాష మాట్లాడేవాళ్ల మీదే. అందుకని "రష్యన్ కవి" అనే మాటని మీరందరూ మాస్కో, పీటర్స్‌బర్గ్‌లకే కట్టేయడం నాకు మింగుడుపడటం లేదు.

బరీస్ చిచిబాబిన్ గురించి చెప్పాలి. 1923లో క్రెమెంచుక్‌లో పుట్టాడు, బతికిందీ పోయిందీ ఖార్కివ్‌లో. రాసింది రష్యన్‌లో. 1946లో విద్యార్థిగా ఉండగా పట్టుకెళ్లి ఐదేళ్లు వ్యాత్కా ఖైదీల శిబిరంలో పెట్టారు. 1973లో రచయితల సంఘం నుంచి తీసేశారు. ఏళ్ల తరబడి నగర ట్రామ్, ట్రాలీబస్ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసుకున్నాడు.

1944 మే 18న క్రిమియా తాతార్లని, దాదాపు రెండు లక్షల మందిని, రైలు పెట్టెల్లో కుక్కి మధ్య ఆసియాకి తోలేశారు. ఊళ్ల పేర్లు మార్చేశారు. ఆ తర్వాత క్రిమియా సోవియట్ జనానికి సెలవుల చోటైంది. కవులూ వెళ్లారు. సముద్రం మీద, ద్రాక్షతోటల మీద, కొండల మీద రాశారు. అందరూ చూసిన క్రిమియానే చిచిబాబిన్ కూడా చూశాడు. కానీ ఆయనకి అక్కడ లేనివాళ్లు కనిపించారు. ఒక జాతి మొత్తాన్ని పెకలించాలనే ఆలోచన మనిషికెలా వచ్చిందని అరిచాడు ఒక కవితలో. సుదాక్ ఊరి మీద రాసిన ఎలిజీలో (శోకగీతంలో), తాతార్లు లేని క్రిమియా చూడటానికే సిగ్గుచేటు అన్నాడు. తాతార్లకి తిరిగొచ్చే వీలింకా లేని రోజుల్లో రాసిన మాట అది.

ఇప్పుడు ఉప్పుటేరు గారి పరీక్షకి వస్తాను. సోవియట్ యూనియన్ పోయినప్పుడు చిచిబాబిన్ సంతోషించలేదు. గుండె పగిలేలా ఏడ్చాడు. 1992లో 'పోగొట్టుకున్న దేశం కోసం ఏడుపు' అని కవిత రాశాడు. నేను దేశం విడిచి ఎక్కడికీ పోలేదే, మరి నాకు దేశం ఎందుకు లేకుండా పోయింది అని అందులో అడుగుతాడు. బ్రాడ్‌స్కీ పాలో ఆల్టోలో తన కవిత చదివిన ఏడాది కూడా అదే. ఇద్దరిదీ ఒకే దుఃఖం. ఇద్దరూ సోవియట్ కోర్టులు, శిక్షలు చూసినవాళ్లే. కానీ చిచిబాబిన్ ఏడుపులో ఉక్రేనియన్ మీద ఒక్క తిట్టు లేదు. పక్కింట్లో, ట్రామ్ ఆఫీసులో, బడిలో ఉన్నది ఉక్రేనియన్లే. వాళ్లని తిట్టి ఆ ఊళ్లో ఎలా బతుకుతాడు? అసలు తిట్టాలని ఆయనకి తోచనేలేదు. నా లెక్కలో రష్యన్ కవి అంటే ఆయన.

తిరగలి:

సాల్తివ్కా, నీ బాధ అర్థమైంది తమ్ముడూ. కానీ ఇక్కడ అందరూ ఒక వైపు కవుల్నే ఏరుకొస్తున్నారు. తూర్పు ఉక్రెయిన్‌లోని దొన్‌బాస్‌లో 2014 నుంచి తుపాకులు మోగుతూనే ఉన్నాయి. అటువైపు, రష్యా అనుకూలుల చేతిలో ఉన్న ఊళ్లలోనూ పిల్లలు చచ్చిపోయారు, సెల్లార్లలో పడుకున్నారు. వాళ్ల గురించి రాసిన రష్యన్ కవులున్నారు. ఆన్నా దొల్గరేవా నీ ఖార్కివ్‌లోనే పుట్టింది. ఆమె రష్యా పక్షాన నిలబడి రాస్తుంది. అక్కడ పుట్టి పెరిగితే చూపు సరిగ్గా ఉంటుందనేది నీ సిద్ధాంతమైతే, ఆమెని ఏం చేద్దాం? మనకి నచ్చని పక్షం కాబట్టి కవి కాదందామా? పక్షం చూసి కవిత్వాన్ని తీసేసే పని సోవియట్ వాళ్లు చేసిందే కదా.

మంజీర:

తిరగలి గారూ, పుట్టిన ఊరు చూపుని నిర్ణయించదనే దాకా మీతో ఉంటాను. దొనెత్స్క్‌లో చనిపోయిన పిల్లాడికి ఎలిజీ ఎవరు రాసినా చదువుతాను. ఆ ఎలిజీని ఇంకో ఊరిని కూల్చడానికి కారణంగా వాడుకుంటే అక్కడ ఆగిపోతాను.

ఇంకోటి కూడా చూడండి. యుద్ధాన్ని సమర్థించే కవితల సంకలనం 2022లో ప్రభుత్వ టీవీ సంస్థ ఆర్‌టీ చొరవతో వచ్చింది, ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల పోర్టల్ ద్వారా జనానికి ఉచితంగా చేరింది. అదే ఏడాది సెప్టెంబరు 21న సైన్యంలోకి జనాన్ని సమీకరిస్తామని ప్రకటన వచ్చింది. 25న మాస్కోలో మయకోవ్‌స్కీ విగ్రహం దగ్గర కొందరు కుర్రాళ్లు కవితలు చదివారు. 1958లో ఆ విగ్రహం పెట్టినప్పటినుంచీ అక్కడ కవితలు చదివే ఆనవాయితీ ఉంది. అర్త్యోమ్ కమార్దిన్ అనే కవిని మర్నాడే ఇంట్లో కొట్టి పట్టుకెళ్లారు. 2023 డిసెంబరులో ఏడేళ్ల జైలు వేశారు. ఆయనతోబాటు చదివిన యెగొర్ ష్తోవ్బాకి ఐదున్నరేళ్లు.

కవి, నాటక దర్శకురాలు జెన్యా బెర్కోవిచ్ సంగతీ అంతే. 2022 మే నెలలో, విజయోత్సవం రోజుల్లో, ఒక కవిత పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన తాత మనవడి దగ్గరికొచ్చి, నా ఫొటో ఊరేగించకు, నా పేరు చెప్పి గర్వపడకు అని బతిమాలతాడు. లక్షల మంది చదివారు. 2023 మేలో అరెస్టు చేశారు. కేసు పైకి ఆమె తీసిన నాటకం మీద పెట్టారు. 2024 జులైలో ఆరేళ్లు వేశారు, తర్వాత అప్పీలులో కొంచెం తగ్గించారు. ఒక పక్క కవితలు పోర్టల్ ద్వారా ఫోన్‌లోకొస్తాయి, ఇంకో పక్క కవిత చదివితే తలుపు పగులుతుంది. ఈ రెండు పక్షాల్నీ తూకంలో పెట్టేముందు ఇది గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

పాత సంచికలు:

మయకోవ్‌స్కీ పేరొచ్చింది కాబట్టి చెప్తాను. మన తరం రష్యన్ సాహిత్యాన్ని మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాల్లో చదివింది. చవగ్గా, గట్టి అట్టలతో విశాలాంధ్రలో దొరికేవి. అన్నీ ఒకే దేశం నుంచి వచ్చినట్టుండేవి. ఉజ్బెక్, ఉక్రేనియన్, జార్జియన్, అవార్, అందర్నీ సోవియట్ రచయితలనే అనుకున్నాం. ఎవరి నేల ఎవరిదో మేం అడగలేదు, ఆ పుస్తకాలూ చెప్పలేదు.

అయినా మయకోవ్‌స్కీ 1926లోనే 'ఉక్రెయిన్‌కి అప్పు' అనే కవిత రాశాడు. ఉక్రెయిన్ రాత్రి మీకు తెలుసా అంటూ ఉక్రెయిన్‌లో పుట్టిన రచయిత గొగోల్ ధోరణిలోనే ఎత్తుకుని, తెలియదు మనకి అంటాడు. చాప్లిన్ సంగతులన్నీ తెలుసుగానీ పక్కనున్న ఉక్రెయిన్ ముఖం ఎలా ఉంటుందో తెలియదు, రష్యన్‌కి తెలిసిందల్లా బోర్ష్ సూపూ, పందికొవ్వూ అని తన వాళ్లనే నిలదీస్తాడు. ఉప్పుటేరు గారు అడిగిన, తన ఇల్లనుకున్న నేల మీద రాసిన కవితే ఇది. దీన్ని మీ లెక్కలో ఎక్కడ వేస్తారు?

ఉప్పుటేరు:

మంచి లెక్కలోనే వేస్తాను. చిచిబాబిన్‌ని కూడా. నా మొదటి మాట అందరి మీదా నిలవదని ఒప్పుకుంటాను. అయితే మీరందరూ తెచ్చిన ఉదాహరణలన్నిట్లో ఒక సంగతి కనిపిస్తోంది. పుష్కిన్ 1831 కవిత మాట్లాడేది ఫ్రెంచి వక్తలతో. చచ్చిపోతున్న పోలిష్ మనిషి అందులో ఎదుట లేడు. బ్రాడ్‌స్కీ ఉక్రేనియన్‌తో మాట్లాడతాడు కానీ జవాబు వినడానికి కాదు. లెర్మొంతొవ్ దగ్గర చెచెన్ మనిషి ఉన్నాడు, చిచిబాబిన్ దగ్గర తాతారు లేని వెలితి ఉంది, మయకోవ్‌స్కీ తనకి తెలియదని మొదలుపెట్టాడు. ఆ నేల మీది మనిషి కవితలోకి వచ్చాడా లేదా, నేను ఇకనుంచి ఇది చూస్తాను.

మంజీర:

దానికి నేను చూసిన గట్టి ఉదాహరణ నతాల్యా గొర్బనేవ్‌స్కయా. 1968 ఆగస్టు 20 రాత్రి సోవియట్ సైన్యం చెకొస్లొవాకియాలోకి వెళ్లింది. రెండ్రోజులకే పాటల కవి అలెగ్జాందర్ గాలిచ్ 'పీటర్స్‌బర్గ్ రొమాన్స్' రాశాడు. మాట 1825లో జారు మీద తిరగబడ్డ డిసెంబ్రిస్టుల గురించి, ప్రశ్న మాత్రం వింటున్నవాళ్లకి: చెప్పిన గంటకి చౌరస్తాలోకి నువ్వు రాగలవా? 25న మధ్యాహ్నం ఎనిమిది మంది రెడ్ స్క్వేర్‌లో కూర్చున్నారు. అందులో ఇద్దరు కవులు. గొర్బనేవ్‌స్కయా చంటిబిడ్డని బండిలో తోసుకుంటూ వచ్చింది. వదీమ్ దెలొనే కుర్రాడు. నిమిషాల్లో బ్యానర్లు చింపి, కొట్టి లాక్కెళ్లారు. దెలొనేకి రెండేళ్ల పదినెలల శిబిరం. ఆమెని తర్వాత కజాన్‌లో పోలీసు మానసిక ఆస్పత్రిలో పెట్టారు. 1975లో దేశం విడిచి పారిస్ వెళ్లింది.

వాళ్ల బ్యానర్లలో ఒకటి "మీ స్వేచ్ఛకీ మా స్వేచ్ఛకీ." ఆ నినాదం పుట్టింది 1831 జనవరిలో, వార్సాలో, తిరుగుబాటు మధ్యలో! ఉరితీయబడ్డ రష్యన్ డిసెంబ్రిస్టుల స్మృతికి పోలిష్ జనం ఊరేగింపు తీసినప్పుడు పుట్టింది. ఆగస్టులో పుష్కిన్ ఏ జనం మీద కవిత రాశాడో ఆ జనమే, ఆ ఏడాదే, రష్యన్ల స్వేచ్ఛ కోసం కూడా నినాదం ఇచ్చారు. పోలిష్ కవిత్వాన్ని రష్యన్‌లోకి తెచ్చిన గొర్బనేవ్‌స్కయా నూట ముప్ఫై ఏడేళ్ల తర్వాత రెడ్ స్క్వేర్‌లో ఆ బ్యానరు పక్కనే కూర్చుంది. రష్యన్ కవిత్వం పోలండ్‌కి ఇచ్చిన జవాబుల్లో నేను దీన్నే ముందు లెక్కేస్తాను.

తిరగలి:

ఎవరి పక్షమూ తీసుకోనివాడికి మీ లెక్కలో చోటుందా? కవి మక్సిమిలియన్ వొలోషిన్ క్రిమియాలో కొక్తెబెల్ సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు. 1917 విప్లవం తర్వాతి అంతర్యుద్ధంలో క్రిమియా ఎన్ని చేతులు మారిందో! విప్లవాన్ని ఎదిరించే తెల్లసైన్యం వస్తే ఎర్రవాళ్లని ఇంట్లో దాచాడు, ఎర్రసైన్యం వస్తే తెల్లవాళ్లని దాచాడు. 1919లో రాసిన కవితలో, మంటల మధ్య ఒంటరిగా నిలబడి ఇటువాళ్ల కోసం అటువాళ్ల కోసం కూడా ప్రార్థిస్తున్నాను అన్నాడు. ఈరోజు ఆ మాట అంటే రెండు వైపులా రాళ్లేస్తారు.

సాల్తివ్కా:

అన్నా, వొలోషిన్ అంటే నాకూ గౌరవమే. కానీ ఆయన ప్రార్థన చేసి ఊరుకోలేదు. పట్టుబడితే కాల్చేస్తారని తెలిసి తలుపు తీశాడు. ఇంకా, అది ఒకే దేశపు జనం రెండుగా చీలి కొట్టుకున్న యుద్ధం. ఒకళ్ల ఇంటి మీదికి ఇంకొకళ్లు టాంకుతో వచ్చినప్పుడు ఇద్దరి కోసం సమానంగా ప్రార్థిస్తే, ఇంటివాడికి అన్యాయం జరుగుతుంది. నాకు వొలోషిన్ కన్నా ఇంకో కవి మాందెల్‌స్తామ్ దగ్గరగా అనిపిస్తాడు. 1933లో ఆయన అదే క్రిమియాలో, స్తారీ క్రిమ్ ఊళ్లో, కరువు నుంచి పారిపోయొచ్చిన ఉక్రెయిన్, దక్షిణ రష్యాలోని కుబాన్ రైతుల్ని చూశాడు. ఆ భయంకరమైన నీడల గురించి చిన్న కవిత రాశాడు. మరుసటి ఏడాది అరెస్టయ్యాడు.

ఇప్పటి సంగతి చెప్తాను. 2014లో రష్యా క్రిమియాని కలిపేసుకున్నప్పుడు ఆ రోజుల్లో నెట్‌లో మంట పుట్టించిన కవిత అనస్తాసియా ద్మిత్రుక్‌ది. ఉక్రెయిన్ అమ్మాయి, రాసింది రష్యన్‌లో. మనం ఎప్పటికీ సోదరులం కాబోము అని సూటిగా రష్యన్లకే చెప్పింది, వాళ్ల భాషలోనే. లిథువేనియా గాయకులు దాన్ని పాటగా పాడారు. ఒడెసాలో బరీస్ ఖెర్సోన్‌స్కీ అని పెద్దాయన, సైకియాట్రిస్టు. జీవితమంతా రష్యన్‌లో రాసి ఆ తర్వాత ఉక్రేనియన్‌లో కూడా రాయడం మొదలుపెట్టాడు. ఈయా కీవా దొనెత్స్క్‌లో పుట్టింది. 2014లో ఊరు వదిలి కీవ్ వెళ్లింది. రెండు భాషల్లో రాసేది, క్రమంగా ఉక్రేనియన్‌కి మారింది. వొలొదిమీర్ రఫెయెంకో కూడా దొనెత్స్క్ వాడే. పెద్ద వయసులో ఉక్రేనియన్ నేర్చుకుని ఆ భాషలో నవల రాశాడు. 2022 తర్వాత ఇక రష్యన్‌లో రాయనన్నాడు. చిన్నప్పటి భాషని అలా వదులుకోవడం ఎంత కష్టమో నాకు చెప్పాల్సిన పని లేదు. వార్డులో ముసలమ్మలు ఆ భాషలోనే నన్ను బిడ్డా అని పిలిచేవాళ్లు.

పాత సంచికలు:

భాషని వదిలేయడం నాకు నచ్చదు. దాన్ని వాళ్ల చేతికి ఇచ్చేసినట్టే కదా. 1942లో, లెనిన్‌గ్రాడ్‌ని జర్మన్లు దిగ్బంధించిన రోజుల్లో, తాష్కెంట్‌లో తలదాచుకున్న కవయిత్రి ఆఖ్మతొవా 'ధైర్యం' రాసింది. రష్యన్ మాటా, నిన్ను కాపాడుకుంటాం అంది. ఆ భాష క్రెమ్లిన్‌ది కాదు. మరీయా స్తెపానొవా 2015లో దొన్‌బాస్ యుద్ధం మీద రాసిన దీర్ఘ కవిత చూడండి. ప్రాచీన ఇగోర్ దండయాత్ర గాథ నుంచి సోవియట్ యుద్ధపాటల దాకా అన్ని ముక్కలూ అందులో కొట్టుకొస్తాయి. భాషలోకి యుద్ధం ఎలా చొరబడిందో లోపలినుంచే చూపించింది. ఆ పని చెయ్యడానికి ఎవరో ఒకరు లోపల ఉండాలి.

సాల్తివ్కా:

లోపల ఉండి చెయ్యగలిగేవాళ్లు చెయ్యాలి. స్తెపానొవా మాస్కోలో పుట్టిన మనిషి, ఆ పని ఆమెది. దొనెత్స్క్‌లో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లని ఆ పని మీరూ చెయ్యండి అని మనం అడగకూడదు.

2022 మార్చి 16న ఉక్రెయిన్ నగరం మరియుపోల్‌లో నాటకశాల మీద రష్యా సైన్యం బాంబు వేసింది. లోపల వందలమంది తలదాచుకున్నారు. బయట నేల మీద రెండు వైపులా "పిల్లలు" అని పెద్ద అక్షరాలతో, పైలట్‌కి అర్థం కావాలని రష్యన్‌లోనే, రాసి ఉంది. ఆ డిసెంబరుకి ఆక్రమించినవాళ్లు శిథిలం చుట్టూ ఎత్తైన తెర కట్టారు. తెర మీద పుష్కిన్, తోల్‌స్తోయ్, గొగోల్ బొమ్మలు వేశారు. ఇందులో పుష్కిన్ తప్పేముంది అని అడగొచ్చు. ఆ బొమ్మ అక్కడ పనికొస్తుందని వాళ్లకి ఎందుకు తోచిందో కూడా అడగాలి. 1831 కవిత ఆ తెర కట్టినవాళ్లకి తెలిసే ఉంటుంది.

ఉప్పుటేరు:

ఈ చర్చలో వచ్చిన కవితల్ని మనలో రష్యన్ వచ్చినవాళ్లు తెలుగులోకి తేవాలి. చిన్న సంపుటం చాలు. పుష్కిన్ 1831 కవిత వేసి, పక్కన వ్యాజెంస్కీ నోట్‌బుక్కు ముక్క వేద్దాం.

మంజీర:

దాంతోబాటు పోలిష్ కవి మిత్స్కేవిచ్ కూడా ఉండాలి. ఆయన 1832లో పోలిష్‌లో 'రష్యన్ మిత్రులకి' రాశాడు. ఉరితీయబడ్డ డిసెంబ్రిస్టు కవి రిలేయెవ్‌ని పేరుపెట్టి తలుచుకుని ఏడ్చి, జారు గెలుపుని పొగిడి ఆత్మ అమ్ముకున్నవాడు మీలో ఎవరైనా ఉన్నారా అని అడుగుతాడు. దానికి 1834లో పుష్కిన్ రాసిన జవాబు ఆయన బతికుండగా అచ్చుకాలేదు. మా మధ్య ఉండేవాడు, మేం ప్రేమించాం అంటూ మొదలవుతుంది. ఈ ఇద్దరి మధ్యనున్న నొప్పి తెలియకుండా 1831 కవిత ఒక్కటీ చదివితే పుష్కిన్ కూడా పూర్తిగా అర్థం కాడు.

తిరగలి:

దొల్గరేవా కవిత ఒకటి ఉండాలని నా పట్టు. తీసేస్తే ఈ పుస్తకం ఒక పక్షం కరపత్రం అవుతుంది.

మంజీర:

ఏ కవితో చూపించండి, చదివి చెప్తాను. పక్కన బెర్కోవిచ్ తాత కవిత ఉండాలి, ఎవరు జైల్లో పడ్డారో ఎవరు పడలేదో కింద రాయాలి.

సాల్తివ్కా:

పుష్కిన్‌కి తెలుగులో ఎప్పటినుంచో చోటుంది. నన్నడిగితే సగం పేజీలు చిచిబాబిన్‌కివ్వండి, తాతార్ల కవితలూ 1992 ఏడుపూ రెండూ వెయ్యండి. నేను పదానికి పదం అర్థం రాసిస్తాను, కవిత్వంగా మీరెవరైనా మలచండి. ఖెర్సోన్‌స్కీ, కీవా లాంటి బతికున్నవాళ్ల కవితలకి ముందు ఉత్తరం రాసి అనుమతి అడగాలి. ఇప్పుడు రష్యన్ కవుల పుస్తకంలో తమ పేరు ఉండకూడదని వాళ్లు అనొచ్చు, అనే హక్కుంది. వద్దంటే వాళ్ల ఉక్రేనియన్ కవితలతో వేరే పుస్తకం వేద్దాం.